దోమల అప్పగింత

సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి దాలినాయుడికి శత్రువు జాడ దొరికింది.

బాలికల వసతి గృహం వెనక, మున్సిపాలిటీవాళ్ళు ఎప్పుడో కట్టి వదిలేసిన సిమెంటు తొట్టె ఒకటుంది. నడుమెత్తు గోడ. శనివారం కురిసిన వానకి సగం నిండింది. దాలినాయుడు అంచు మీదికి వంగి, జేబులోంచి టార్చి తీసి, నీటి మట్టానికి కొంచెం పైన గోడ మీద వెలుగు వేశాడు. కాటుక వేలితో రాసినట్టు సన్నటి నల్లగీత. తెలియనివాళ్ళు మసి అనుకుంటారు. భూతద్దం పెట్టి చూస్తే గుడ్లు. వేటికవే విడిగా గోడకి అతుక్కుని, వందలకొద్దీ.

"ఏటి నాయుడుబావూ, తొట్టెలో తలకాయెట్టేసి సూత్తన్నావు? ఏటైనా పడిపోనాదా?"

హాస్టలు వంటమనిషి పైడమ్మ. చేతిలో బియ్యం చేట.

"గుడ్లు పైడమ్మక్కా. ఒంటి మీద తెల్లచారలుంటాయి చూడు, పగలే కుడుతుంది, ఆ దోమవి. ఈడిస్."

పైడమ్మ చేట గోడ మీద పెట్టేసింది. నిరుడు ఇదే నెలలో హాస్టల్లో ఉన్న అరవై మందిలో పన్నెండు మంది పిల్లలు జ్వరంతో పెద్దాసుపత్రికి వెళ్ళారు. తొమ్మిదో తరగతి నిమ్మక సుభాషిణి పదకొండు రోజులుండి, మనిషి సగమై తిరిగొచ్చింది. ఆ పదకొండు రోజులూ పైడమ్మ ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని కూర్చుంది.

"ఎన్నాళ్ళు టైమున్నాది?"

"గుడ్డు రెండ్రోజులు. తర్వాత నీళ్ళలో పురుగు, లార్వా అంటాం, అదో అయిదు రోజులు. ఆ పైన ప్యూపా, రెండ్రోజులు. ఆ తర్వాత రెక్కలు. వచ్చే బుధవారం పొద్దుటికి లేచిపోతాయి."

"ఓస్, అంతేనా. అడుగున బిరడా ఉన్నాది. లాగేత్తే నీళ్ళన్నీ పోతాయి. ఉండు." పైడమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపింది.

"ఆగక్కా! మేస్త్రీ సింహాద్రిని ఏం చేశారో మర్చిపోయావా?"

పైడమ్మ ఆగింది. పోయిన నెలలో శానిటరీ మేస్త్రీ సింహాద్రి, కూరగాయల మార్కెట్టు దగ్గర ఒక డ్రమ్ములో పురుగులు చూసి, కాగితం లేకుండా డ్రమ్ము బోర్లించాడు. మూడోరోజు సస్పెండయ్యాడు. అతని మీద మోపిన అభియోగం: 'ఇతర శాఖ పరిధిలోని జీవరాశిపై అనధికార చర్య.'

"మరి నువ్వేటి సేత్తావు?"

"కాగితం పెడతాను," అన్నాడు దాలినాయుడు. "బుధవారం లోపల ఆర్డరొస్తుంది. పిల్లలకి ఏం కాదు. నాదీ పూచీ."

దాలినాయుడు పూసలపాడు మున్సిపాలిటీలో ఇన్సెక్ట్ కలెక్టర్. ఊళ్ళో దోమల కలెక్టరు అంటారు. కాగితం సరిగ్గా పెడితే పని సరిగ్గా అవుతుందని నమ్మే మనిషి. పందొమ్మిదేళ్ళ సర్వీసు తర్వాత కూడా ఆ నమ్మకం చెక్కుచెదరకపోవడం వైద్యశాస్త్రం పరిశీలించదగిన విషయం.

*

ఇదంతా జూన్‌లో మొదలైంది. కమిషనర్ మార్తాండరావు గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, అక్కణ్ణించి రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి, చాంబర్లో టేబులు పక్కన పెట్టుకోవడానికి వెడల్పాటి ఇత్తడి పాత్ర. నిండా నీళ్ళు, పైన ప్లాస్టిక్ తామరపూలు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ప్రశాంతత కలుగుతుందట. రెండోది, 'బాధ్యతల దశలవారీ స్పష్టీకరణ' అనే సిద్ధాంతం.

దోమ ఒక్కటే అయినా దాని దశలు నాలుగు. నాలుగు దశలకీ ఒకే శాఖ బాధ్యత వహించడం వల్లే నిరుడు జ్వరాలొచ్చాయని కమిషనర్ గారు కనిపెట్టారు. అందుకని సర్క్యులర్ నంబరు నలభైమూడు వెలువడింది. గుడ్డు గోడకి అంటుకుని ఉంటుంది, గోడ ఇంజినీరింగ్ శాఖది, కాబట్టి గుడ్డు ఇంజినీరింగ్ శాఖది. లార్వా నీళ్ళలో ఈదుతుంది కనుక మత్స్యశాఖది. రెక్కలొచ్చిన దోమ మనిషిని కుడుతుంది కనుక ఆరోగ్యశాఖది. ప్యూపా ఎదురుగా ఒక గీత గీసి ఉంది. సర్క్యులర్ టైపు చేసే సమయానికి ఎవరికీ ఏమీ తోచలేదు.

ఏ దశలో ఉన్నదాన్ని ఆ శాఖే నిర్మూలించాలి. వేరొకరు ముట్టుకోకూడదు. ముందుగా ఫారం ఏడులో జాతి నిర్ధారణ జరగాలి.

దాలినాయుడు సోమవారం పదకొండింటికే మేనేజరు శేషశాయి గారి ఎదుట నిలబడ్డాడు. శేషశాయి ఫారం ఏడు ముందుకి లాక్కుని, కలం మూత తీశాడు. ఆ ఫారం కొత్తగా తయారుచేసేంత వ్యవధి లేక, పాత నివాస ధ్రువపత్రం దరఖాస్తునే వాడుతున్నారు.

"స్వస్థలం?"

"మూలం ఆఫ్రికా అంటారండి."

"నాన్‌లోకలా?"

"ఇవి మాత్రం మన తొట్టెలోనే పుట్టబోతున్నాయండి."

"అయితే లోకల్." శేషశాయి టిక్కు పెట్టాడు. "జాతి?"

"ఈడిస్ అండి."

"రుజువు?"

"దోమయ్యాక వెనక కాళ్ళ మీద తెల్లటి పట్టీలుంటాయండి."

"కాళ్ళ ఫోటో జతచెయ్యండి."

"గుడ్డుకి కాళ్ళుండవండి."

శేషశాయి కళ్ళజోడు తీసి, దాలినాయుడి వైపు చూశాడు. "కాళ్ళు లేనిదాని గురించి మూడు పేజీలు రాసుకొచ్చారన్నమాట." ఆ గడిలో 'కాళ్ళు: రావలసి ఉన్నవి' అని రాసి, కమిషనర్ గారి పొట్టి సంతకానికి పంపాడు.

చాంబర్లో దాలినాయుడు అరగంట నిలబడ్డాడు. కమిషనర్ గారు ఫోన్లో సమన్వయం గురించి మాట్లాడుతున్నారు. దాలినాయుడి చూపు ఊరికే ఉండదు. ఇత్తడి పాత్రలోకి వంగి చూశాడు. తామరపూల చుట్టూ పాత్ర అంచు మీద చూశాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తేదీ వేసి ఒక మాట రాసుకున్నాడు. చెబుదామని నోరు తెరిచేసరికి కమిషనర్ గారు ఫోను అడ్డంపెట్టి, "అజెండాలో లేని విషయాలు వద్దు," అన్నారు.

*

ఇంజినీరు గారు బుధవారం మధ్యాహ్నం జీపులో వచ్చారు. వెంట ఇద్దరు, ఒక టేపు. తొట్టె పొడవు, వెడల్పు, గోడ మందం కొలిచారు. తర్వాత గుడ్లెక్కడని అడిగారు.

"పొద్దున్నే పగిలిపోయాయండి. రాత్రి వానకి నీళ్ళు పైకొచ్చి గీత మునిగింది. ఇవిగోండి." దాలినాయుడు గరిటెతో నీళ్ళు తోడి చూపించాడు. దారప్పోగుల్లాంటి పురుగులు తోక నీటి అంచుకి ఆనించి, తలకిందులుగా, ఏటవాలుగా వేలాడుతున్నాయి. గరిటె కదిపితే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి.

"కదులుతున్నాయే."

"అవునండి. లార్వా."

"అయితే మా పరిధి కాదు." ఇంజినీరు గారి మొహంలో ఒక తేజస్సు వచ్చింది. "అంటే ఈ తొట్టెలో ఇప్పుడు ఒక్క గుడ్డు కూడా లేదు?"

"లేదండి. కానీ..."

"రాయండి. గుడ్డు దశ నిర్మూలన, నూరు శాతం."

జీపు వెళ్ళిపోయింది. పైడమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

"ఆయనేటి సేసినాడు?"

"కొలిచాడు."

"పురుగులకి సొక్కాలు కుట్టిత్తారేటి?"

దాలినాయుడు సైకిలు తీసి మత్స్యశాఖకి తొక్కాడు. లార్వాని తినే చేపలున్నాయి. పిడికెడు తెచ్చి వదిలితే సాయంత్రానికి తొట్టె శుభ్రం. మత్స్యశాఖ అధికారి చాలా సానుభూతిగా విన్నాడు. చేపలున్నాయన్నాడు. అయితే చేపల్ని ఒక చెరువు నుంచి మరో నీటి వనరుకి తరలించాలంటే, ఆ వనరులో చేపలకి తగిన ఆహారం ఉందని ధ్రువీకరణ కావాలన్నాడు.

"లార్వాయేనండి ఆహారం."

"అది శత్రువు అని ఫారం ఏడులో రాశారు. ఆహారం అని ఎక్కడా లేదు. సవరించి తీసుకురండి."

సవరణకి గురువారం, శుక్రవారం పట్టాయి. శనివారం చేపల్ని డబ్బాలో పోసుకుని ఒకతను బయల్దేరాడు. దారిలో వంతెన దగ్గర, డబ్బాకి బదిలీ రసీదు లేదని తనిఖీవాళ్ళు ఆపేశారు. ఆదివారం సెలవు. సోమవారం ఉదయం రసీదుతో, చేపలతో సహా మత్స్యశాఖ అధికారి స్వయంగా వచ్చి తొట్టెలోకి చూశాడు. పురుగులు లేవు. కామా గుర్తుల్లాంటి నల్లటి ప్రాణులు, పెద్ద తలా ఒంపు తోకా వేసుకుని, నీటి మీద నిశ్చలంగా తేలుతున్నాయి.

"ప్యూపా అయిపోయాయండి," అన్నాడు దాలినాయుడు నీరసంగా.

"ఒక్క లార్వా కూడా లేదు కదా?"

అధికారి అప్పటికే రాసుకుంటున్నాడు. లార్వా దశ నిర్మూలన, నూరు శాతం. చేపలు డబ్బాతో వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆ ఉదయం పిల్లలు బడికి వెళ్తూ తొట్టె పక్కనుంచే నడిచారు. సుభాషిణి ఆగి, "దోమల కలెక్టరు గారూ, ఈసారి మాకు జొరం రాదు కదండీ?" అని అడిగింది. "రాదమ్మా," అన్నాడు. అని, ఆ పిల్ల వెళ్ళాక చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకా నలభై ఎనిమిది గంటలు.

*

పదకొండింటికి కమిషనర్ గారి చాంబర్లో సమీక్షా సమావేశం. కమిషనర్ గారు ఎంతో సంతోషంగా ఉన్నారు.

"ఒక్క చుక్క మందు వాడకుండా రెండు దశల్ని సంపూర్ణంగా నిర్మూలించిన మున్సిపాలిటీ రాష్ట్రంలో ఇదొక్కటే. దీన్ని పూసలపాడు నమూనాగా రాజధానికి నివేదించాను. బుధవారం పరిశీలనకి బృందం వస్తోంది. ఇప్పుడు ప్యూపా దశ మీద చర్చిద్దాం."

ఆరోగ్యాధికారి, అది ఎగరదు కనుక తనది కాదన్నాడు. మత్స్యశాఖ, అది ఏమీ తినదు కనుక, తిననిదాన్ని జలజీవిగా తాము గుర్తించలేమంది. ఇంజినీరు గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"అసలది చేసే పనేమిటి?" అని అడిగారు కమిషనర్ గారు.

వెనక నిలబడ్డ దాలినాయుడు చేతులు కట్టుకుని చెప్పాడు. "ఏమీ చెయ్యదండి. తినదు. కుట్టదు. అలా తేలుతూ ఉంటుంది. లోపల మాత్రం దోమగా మారుతూ ఉంటుందండి."

శేషశాయి మెల్లగా లేచాడు. ఆయన ముప్పయ్యేళ్ళుగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసిన మనిషి.

"తినదు, పని చెయ్యదు, కానీ హాజరులో ఉంటుంది. పై హోదా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. సార్, ఇది స్పష్టంగా పోస్టింగు కోసం నిరీక్షణ కిందికి వస్తుంది. ఎస్టాబ్లిష్‌మెంట్‌కి సంబంధించిన విషయం. నేను చూసుకుంటాను."

చప్పట్లు మోగాయి. కమిషనర్ గారే మొదలుపెట్టారు.

"అయితే ఇప్పుడే నీళ్ళు తీసెయ్యమంటారా సార్?" దాలినాయుడి గొంతులో ఆశ.

"నిరీక్షణలో ఉన్నవారిని కదిలించడానికి నిబంధనలు ఒప్పుకోవు," అన్నాడు శేషశాయి. "దశ పూర్తయ్యాక, సంఖ్యతో సహా తదుపరి శాఖకి అప్పగించాలి. బుధవారం పదిన్నరకి బృందం సమక్షంలో ఆరోగ్యశాఖ స్వీకరిస్తుంది. మీరు లెక్కబెట్టండి."

"స్వీకరించి ఏం చేస్తారండి?"

"అది స్వీకరించాక ఆరోగ్యశాఖ ఆలోచించుకుంటుంది."

దాలినాయుడు మళ్ళీ ఇత్తడి పాత్ర పక్కనే నిలబడి ఉన్నాడు. మళ్ళీ వంగి చూశాడు. చిన్న పుస్తకంలో ఇంకో మాట రాసుకున్నాడు.

ఆ సాయంత్రం తొట్టెలో పది గరిటెలు ముంచి, గరిటెకెన్నో చూసి, నీటికి సరిపోయేలా హెచ్చించాడు. 4,216. అప్పగింత పత్రంలో రాసి సంతకం పెట్టాడు. తొట్టెకి ఒక బోర్డు కట్టారు: 'ఇందలి జీవులు నిరీక్షణలో ఉన్నవి. తాకరాదు.'

*

మంగళవారం పన్నెండింటికి ఎండ పేలుతోంది. దాలినాయుడు తొట్టె గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పైడమ్మ గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"రేపు పొద్దుటికి లేత్తాయి, అంతేనా?"

"అంతే."

"నీ కాయితం ఏటయిపోనాది?"

"అన్ని సంతకాలూ అయ్యాయి. అప్పగింతకి."

పైడమ్మ బోర్డు వంక చూసింది. ఆమెకి చదువు రాదు. "ఏటి రాసినారు?"

చదివి వినిపించాడు. పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"జీవుల్ని తాకొద్దన్నారు. సరే, తాకను. నీళ్ళ సంగతేటి రాసినారు?"

దాలినాయుడు తలెత్తాడు. బోర్డు మళ్ళీ చదివాడు. సంచిలోంచి సర్క్యులర్ నలభైమూడు తీసి, మొదటి పేరా నుంచి ఆఖరి సంతకం దాకా చదివాడు. గుడ్డు ఉంది, గోడ ఉంది, లార్వా ఉంది, దోమ ఉంది. నీళ్ళ గురించి ఎక్కడా లేదు.

"నీళ్ళ గురించేం రాయలేదక్కా."

"మా హాస్టలు కుళాయి పొద్దుట్నుంచి రావట్లేదు. పెరడు కడగాల. నాకు నీళ్ళు కావాల. ఈ నీళ్ళెవరివి?"

"వానవి," అన్నాడు దాలినాయుడు. సింహాద్రి గుర్తొచ్చాడు. సుభాషిణి కూడా గుర్తొచ్చింది.

"అయితే నువ్వటు తిరుగు, నాయుడుబావూ."

దాలినాయుడు అటు తిరిగాడు. వెనక పైడమ్మ గాజుల చప్పుడు, ఒక మూలుగు, బిరడా ఊడిన చప్పుడు వినిపించాయి. భళభళమని నీళ్ళు కాలుతున్న చప్టా మీదికి పరిగెత్తి, అక్కణ్ణించి ఇసకలోకి ఇంకిపోయాయి. అతను చూడలేదు. ఫారం ఏడులో చూడనివాటికి గడి లేదు. పావుగంట తర్వాత తిరిగి చూసేసరికి చప్టా మీద నల్లటి చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. పైడమ్మ చీపురుతో ఊడ్చేస్తోంది.

*

బుధవారం పదిన్నరకి రాజధాని బృందం, కమిషనర్ గారు, ఆరోగ్యాధికారి తొట్టె చుట్టూ నిలబడ్డారు. ఆరోగ్యాధికారి చేతిలో స్వీకరణ రసీదు, 4,216 అంకె వేసి ఉంది. తొట్టెలో ఒక తొండ ఎండ కాచుకుంటోంది.

బృందాన్ని టిఫిను కోసమని అతిథి గృహానికి పంపేశారు. పన్నెండుకల్లా దాలినాయుడు చాంబర్లో ఉన్నాడు. శేషశాయి మెమో చదివాడు.

"ఎస్టాబ్లిష్‌మెంట్ సంరక్షణలో నిరీక్షణయందు ఉన్న నాలుగువేల రెండువందల పదహారు ప్యూపాలు అప్పగింత సమయమునకు గైర్హాజరగుట తీవ్రముగా పరిగణించడమైనది. సదరు సంఖ్యను తక్షణమే హాజరుపరచవలెను. లేనియెడల సస్పెన్షన్‌కు సిద్ధపడవలెను."

"నీళ్ళు లేవండి సార్. నీళ్ళు లేకపోతే అవి ఉండవండి."

"నీళ్ళ సంగతి సర్క్యులర్లో లేదు," అన్నాడు శేషశాయి.

"అవునండి. నేనూ చూశాను."

కమిషనర్ గారు టేబుల్ మీద చెయ్యి వేశారు. "దాలినాయుడూ, మూడింటికి బృందం మళ్ళీ వస్తుంది. నాకు అప్పగింత జరగాలి. అదే జాతి, అదే దశ. ఎక్కణ్ణించి తెస్తావో నాకనవసరం."

దాలినాయుడు చిన్న పుస్తకం తీశాడు. పేజీ తిప్పాడు.

"తేనక్కర్లేదండి. ఇక్కడే ఉన్నాయి. పోయిన సోమవారం గుడ్లు. మొన్న సోమవారం ప్యూపా. తొట్టెలోవాటితో పాటే పెరిగాయి. అదే జాతండి. లోకలే."

"ఇక్కడంటే?"

దాలినాయుడు వినయంగా వేలు చూపించాడు. కమిషనర్ గారి టేబులు పక్కన, ప్లాస్టిక్ తామరల కింద, ఇత్తడి పాత్రలో.

కమిషనర్ గారు వంగి చూశారు. ఒక తామర రేకు మీద, పొడి రెక్కలతో, కాళ్ళ మీద తెల్లటి పట్టీలతో, అప్పుడే పుట్టిన దోమ ఒకటి నిలబడి ఉంది. పక్కనే ఇంకొకటి. ఇంకా నాలుగు. కమిషనర్ గారి రెండు కాళ్ళూ ఒక్కసారిగా కుర్చీ మీదికి వచ్చేశాయి.

"చంపెయ్!"

"తప్పకుండానండి." దాలినాయుడు ఫారం ఏడు పరిచి, కలం మూత తీశాడు. "ఎగిరినవి ఆరోగ్యశాఖవి, డాక్టరు గారిని పిలవాలి. తేలుతున్నవి శేషశాయి గారివి, నిరీక్షణలో ఉన్నాయి, కదిలించకూడదు. అంచుకి కొత్త గుడ్లు కూడా కనిపిస్తున్నాయి. అవి గోడకి లేవు, ఇత్తడికి ఉన్నాయి. ఇంజినీరు గారిని అడగాలండి."

ఒక దోమ లేచి కమిషనర్ గారి చెవి పక్కనుంచి పోయింది. ఆయన కుర్చీ దిగారు. ఎవరి వైపూ చూడలేదు. రెండు చేతులా పాత్ర ఎత్తి, తామరలు రాలిపోతుంటే, నీళ్ళు ఇస్త్రీ చొక్కా మీద తొణుకుతుంటే, వరండా దాటి, మిట్టమధ్యాహ్నం ఎండలోకి మొత్తం పారబోశారు.

దాలినాయుడు కలం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. "ఏ శాఖ చర్య అని రాయమంటారు సార్?"

అయిదు నిమిషాల తర్వాత మెమో ఉపసంహరించారు. మూడింటికి బృందానికి సర్క్యులర్ నంబరు నలభైనాలుగు అందజేశారు. 'నిలవ నీటిని ఎవరైనను, ఎప్పుడైనను, ఎవరి అనుమతియు లేకుండా పారబోయవచ్చును.' బృందం ఎంతో మెచ్చుకుంది. రాష్ట్రమంతటా అమలు చేయదగిన విప్లవాత్మక ఆలోచన అని రాసుకుని వెళ్ళింది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆఖరి వాక్యం వాళ్ళు చదివారో లేదో: 'ఈ ఉత్తర్వు కమిషనర్ చాంబరునకు మాత్రమే వర్తించును.'

ఆ నెల హాస్టల్లో ఒక్క పిల్లకీ జ్వరం రాలేదు.

తర్వాత నెల మొదటివారంలో పెద్దవాన పడింది. బిరడా మళ్ళీ ఎవరు పెట్టారో, ఇంజినీరింగ్ శాఖ మరమ్మతుల్లో భాగంగా పెట్టిందంటారు, తొట్టె మళ్ళీ సగం నిండింది. దాలినాయుడు అంచు మీదికి వంగి టార్చి వేశాడు. నీటి మట్టానికి కొంచెం పైన సన్నటి నల్లగీత. సంచిలో ఫారం ఏడు ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు. వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"పైడమ్మక్కా! పెరడు కడగడానికి నీళ్ళు కావాలేటి?"

పైడమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"కావాల. నువ్వటు తిరుగు."

దాలినాయుడు అప్పటికే అటు తిరిగి ఉన్నాడు.